బుజ్జమ్మ దగ్గు

బుజ్జమ్మకు దగ్గు కొత్త కాదు. గురజాల చుట్టుపక్కల మిరప కల్లాల్లో నలభై ఏళ్ళుగా రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న మనిషి. కోతలు మొదలయ్యాయంటే ముక్కు కారడం, గొంతు గీరుకుపోవడం మామూలే. ఎవరైనా అడిగితే "ఘాటులే" అనేసి పనిలో పడేది. జలుబైనా, జ్వరమైనా, ఒళ్ళు అలిసినా, అన్నిటికీ ఆమె పెట్టిన పేరు ఘాటే. కూలికి పోయే మనిషికి అన్ని జబ్బుల పేర్లతో పనేముంది?

ఈ ఏడాది కోడలు నాగవేణి కూడా కల్లానికి వచ్చింది. ఏడు నెలల మనవడు చంటి పగలంతా నాయనమ్మ ఒళ్ళోనే. బుజ్జమ్మ దగ్గుతూనే వాణ్ణి ఆడించింది, ముద్దులు పెట్టింది. వాడూ దగ్గడం మొదలుపెడితే, "ఘాటేలేవే, అదే సర్దుకుంటది" అంది. మూడు రోజులు అదే మాట. నాలుగో రోజు పొద్దున చంటి పాలు తాగలేదు. ఒళ్ళు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరేస్తున్నాడు.

నరసరావుపేటలో పిల్లల ఆసుపత్రికి తీసుకుపోతే ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. పక్క మంచాల మీద అలాంటి పిల్లలే మరో నలుగురు.

"ఇంట్లో ముందు ఎవరికి జలుబు చేసింది?" డాక్టరమ్మ అడిగింది.

"ఎవురికీ లేదండి. కల్లంలో ఘాటు," అంది నాగవేణి.

"ఘాటుకి జ్వరం రాదమ్మా. ఇది వైరస్. పెద్దవాళ్ళకి జలుబు చేసి పోతుంది. పసిపిల్లలకి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది."

అప్పుడే బుజ్జమ్మకు దగ్గు తెర వచ్చింది. ఆ గదిలో మిరపకాయ ఒక్కటి లేదు. డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. నాగవేణీ చూసింది. ఎవరైనా ఒక మాట అనేసినా బుజ్జమ్మ ప్రాణానికి కాస్త తేలికయ్యేది.

ఆరు రోజులు వార్డు బయట మెట్ల మీదే కూర్చుంది. ఇంటికి పొమ్మన్నా పోలేదు, లోపలికి రమ్మన్నా పోలేదు. ఒళ్ళు హూనమైంది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఏడో రోజు గొట్టం తీసి, ఆ మర్నాడు ఇంటికి పంపారు.

పది రోజుల తర్వాత, కల్లం నుంచి వచ్చిన నాయనమ్మను చూసి చంటి రెండు చేతులూ చాపాడు. అంతలోనే ఆమె దగ్గింది. చప్పున వెనక్కి జరిగింది.

"ఘాటేలే అత్తా, ఎత్తుకో," అంది నాగవేణి.

నలభై ఏళ్ళుగా తను అంటున్న మాటే. ఇవాళ నమ్మబుద్ధి కాలేదు. కొంగు ముక్కుకీ నోటికీ బిగించి కట్టుకుంది, అయినా ఎత్తుకోవడానికి చేతులు రాలేదు.

"రేపు చూద్దాంలేవే," అని గుమ్మం బయటే చతికిలబడింది.

లోపల చంటి గొంతెత్తి ఏడుస్తున్నాడు. అంత ఊపిరి ఉంది వాడికి. అదే చాలనుకుంది బుజ్జమ్మ.