సరళకుమారి కోపమెంత?

ఏ ప్రాంతం వాళ్లు కోపాన్ని ఎలా చూపిస్తారో కొలిచే పరిశోధక విద్యార్థిని ఒకామె, ఇందిరాపురంలో ఉండే నర్సు సరళకుమారి ఇంటికి వచ్చింది.

"కోపమొస్తే అరుస్తారా ఆంటీ? వస్తువులు విసురుతారా?"

సరళ అన్నిటికీ లేదనే చెప్పింది.

"అచ్ఛా, అయితే మీకు కోపం చాలా తక్కువ."

పక్కనే ఉన్న భర్త నోవహు తల పట్టుకున్నాడు. "తక్కువేంటమ్మా! ఆదివారం నుంచి నాతో మాటల్లేవు. కంచం పెట్టేసి లోపలికెళ్లిపోద్ది!"

"దాని గురించి నా జాబితాలో ప్రశ్నే లేదంకుల్."

సరళకు ఒళ్లు మండింది. "అరిస్తేనే కోపమా? దీన్ని మావైపు అలక అంటారు. చర్చిలో అందరి ముందూ నా పాటని ఎగతాళి చేశారీయన. రాసుకోమ్మా!"

"ఓహో, అందుకా!" అన్నాడు నోవహు.

ఇన్ని రోజులూ ఆయనకు కారణమే తెలియదని అర్థమై, సరళ మళ్లీ మాట మానేసింది.