అర క్రిమి

మా అక్కది క్రిములను చంపే ఉద్యోగం. చేతికి మందు వాసన కూడా అంటదు. కుర్చీలో కూర్చుని కంప్యూటర్లో చంపుతుంది. ఏ యాంటిబయాటిక్ ఎన్ని గంటలకోసారి వేస్తే జబ్బు చేసే బ్యాక్టీరియా ఎలా తగ్గుతుందో లెక్క కట్టడం ఆమె పని. ఇంట్లో మేం పెట్టిన పేరు చిత్రగుప్తుడు.

ఆ చిత్రగుప్తుడి లెక్కకే తిరకాసు వచ్చింది. పక్క గదిలో పరీక్షలు చేసే స్నేహితురాలు రెండు మందులు మార్చి మార్చి వేస్తే, ఆవిడ గాజు పళ్ళేల్లో క్రిములు చచ్చాయి. అక్క తెర మీద మాత్రం చచ్చినట్టే చచ్చి మళ్ళీ పుంజుకునేవి. శుక్రవారంలోగా తేలకపోతే ఈ పని ఆపేస్తామని పెద్దసారు చెప్పేశారు. ఏళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందని అక్క నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సోమవారం పొద్దున వంటింట్లో ఆ గొడవే నాకు వివరిస్తోంది. మందు పడ్డాక వెయ్యి ఐదొందలవుతాయి, అలా సగం సగం దిగి నాలుగు రెండు, రెండు ఒకటి, ఒకటి అర, అర పావు అంటూ ఠక్కున ఆగిపోయింది. గరిటె చేతిలోనే ఉంది.

"అర క్రిమి ఎక్కడైనా ఉంటుందిటే?" అంది.

నాకు నవ్వాగలేదు. ఆమె అప్పటికే నా చెప్పులు వేసుకుని వీధిలో ఉంది.

ఆమె ప్రోగ్రాముకు సున్నా అంటే తెలియదు. పిసరంత ముక్కను కూడా బతికున్నట్టే లెక్కేసి, మందు ఆగగానే దానితో కోట్లు పుట్టిస్తోంది. ఒకటి దాకా దిగితే అది ఉందో పోయిందో బొమ్మా బొరుసూ వేసి తేల్చమని అక్క మార్చి రాసింది. మళ్ళీ మళ్ళీ నడిపి చూస్తే దాదాపు ప్రతిసారీ అన్నీ చచ్చాయి. వందకు మూడు నాలుగుసార్లు మాత్రం ఒక్కటి మిగిలి, మెల్లగా పెరిగింది. స్నేహితురాలు ఒప్పుకోలేదు, తన పళ్ళేలన్నీ శుభ్రమేనంది. ఒక్కటి మిగిలినా కంటపడేంత పెరగడానికి రోజులు పడుతుందని, పారేయకుండా శుక్రవారం దాకా ఉంచమని అక్క బతిమాలింది.

శుక్రవారం ఉండబట్టలేక నేనూ వెళ్ళాను. క్రిములను పెంచే వెచ్చటి పెట్టెలోంచి స్నేహితురాలు యాభై పళ్ళేలూ ఒక్కొక్కటే తీసి చూపించింది. శుభ్రం. శుభ్రం. అన్నీ శుభ్రమే. చివరి వరసలో మాత్రం ఒకదాని అంచున ఆవగింజంత తెల్లచుక్క. దాని పక్క పళ్ళెంలో ఇంకొకటి.

అక్క గెంతులేసింది. క్రిములు బతికాయని ఇంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు. అక్క లెక్కా పళ్ళేలూ కలిసేసరికి పెద్దసారు పని ఆపే మాటే ఎత్తకుండా, మందు ఇంకో రోజు పొడిగిస్తే ఏమవుతుందో లెక్క కట్టమన్నారు.

అక్క వంగి ఆ చుక్కతో నెమ్మదిగా అంది: "ఇన్నాళ్ళూ కళ్ళుగప్పావు. ఇక నీ లెక్క నా దగ్గరుంది."