ఉప్పుగూడ ఎంగేజ్‌మెంట్ల నా డిజిటల్ మెషీన్

ఈరోజు పొద్దుగాల ఉప్పుగూడల ఒక ఎంగేజ్‌మెంట్‌కు గిటార్ వాయించిన. గిటార్ సౌండ్ పెంచే పెద్ద పెద్ద ఆంప్ డబ్బల సౌండ్ అంతా ఒక్కదాంట్ల నుంచే వచ్చే డిజిటల్ మెషీన్ ఈ మధ్యనే కొన్న. టిఫిన్ డబ్బంత ఉంటది. కాళ్లకాడ పెట్టుకొని, వైరు హాల్ స్పీకర్లకే కలిపితే అయిపాయె. ఇగ ఆంప్ మోసే నడుం నొప్పి లేదని మస్తు ఖుషీగ పోయిన.

రెండు పాటలు అయి మూడోది వాయిస్తుంటె పెండ్లిపిల్ల మేనమామ స్టేజీ ఎక్కిండు.

"ఏంది తమ్మీ, నీ వెనుక పెద్ద డబ్బ లేదు. క్యాసెట్ పెట్టి చెయ్యి ఊపుతున్నవా?"

"లేదు బాపు, నేనే వాయిస్తున్న" అని, నమ్మించెతందుకు గిటార్ వైరు పీకి చూపించిన. సౌండ్ ఆగింది.

"చూసిన్రా, క్యాసెట్ బంద్ చేసిండు!" అని ఆయన అందరి దిక్కు తిరిగిండు. ముందు వరుసల ఆడోళ్లు ఒకటే నవ్వుడు. పదిహేనేండ్ల నా వాయించుడు గంగల కలిసినట్టయింది.

మా సౌండ్ చూసే ఖాదర్ భాయ్ "ఫికర్ నక్కో భాయ్, నేను చూస్కుంట" అనుకుంట పోయి, స్టోర్ రూంల పడున్న పాత ఆంప్ తెచ్చి నా వెనుక నిలబెట్టిండు. అండ్ల స్పీకర్ గూడ లేదు, వట్టి చెక్క. దానికి వైరేం కలపలే. గిటార్ వైరు మల్ల నా మెషీన్‌కే పెట్టి అదే పాట వాయించిన.

మేనమామ కండ్లు మూసుకొని తల ఊపిండు. "గిది! గిదీ అసలు సౌండ్ అంటే."

చెప్పాల్నంటె సిగ్గైతుంది గని, ఆ చెక్క వచ్చినంక నాకు గూడ సౌండ్ జర బరువుగనే వినబడ్డది. మీకెవరికన్న గిట్ల అయిందా, లేక ఖరాబైంది నా ఒక్కని చెవులేనా?