చిప్పలో చిక్కుడు మొక్క

అన్నం వార్చేటప్పుడు వేడి గంజి వాసన తగిలితే నాకు ఇప్పటికీ కరుణమ్మ పంతులమ్మ గుర్తొస్తుంది. మా కోడలు గంజి పారబోస్తానంటే నేను ఒప్పుకోను. సగం చీరలకు, సగం ఆవు కుడితికి.

మాది నెల్లిమర్ల దగ్గర కూలి కుటుంబం. తమ్ముణ్ణి ఆడించేందుకు నన్ను రెండో తరగతిలోనే బడి మాన్పించారు. పంతులమ్మ మా ఇంటికి నడిచొచ్చింది. "ఆడపిల్లకి సదువేటమ్మా, ఉజ్జోగం సేస్తాదేటి?" అంది మాయమ్మ. "ఉద్యోగం మాట అలా ఉంచు. రేపు దీని బిడ్డకు జబ్బు చేస్తే ఎవరి మాట వినాలో తెలియొద్దూ? ఆ తమ్ముణ్ణి కూడా తెచ్చుకోమను" అందావిడ. అలా వాణ్ణి చంకనేసుకుని మూడో తరగతి దాకా చదివాను.

ఆవిడ ఏదైనా చేసి చూపించేది. ఒకసారి కొబ్బరి చిప్పల్లో రెండు చిక్కుడు మొక్కలు పెంచి, ఒకదానికి నీళ్లు ఆపేసింది. అది తల వాల్చేసింది. "విరేచనాలయ్యే బిడ్డకు మీ ఇళ్లలో నీళ్లు మాన్పిస్తారు కదా? బిడ్డయినా ఇంతే. ఉప్పేసిన గంజి పట్టాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలి" అంది. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. నా చెవి మెలేసి మళ్లీ చెప్పించింది.

నా పెద్దకూతురికి తొమ్మిదో నెలలో విరేచనాలు పట్టుకున్నాయి. "సుక్క నీరు ముట్టించేవంటే ఇంకా పోతాది, సెప్తన్నాను" అంది మా అత్త. మధ్యాహ్నానికి పిల్ల ఏడుస్తోంది గాని కంట నీరు లేదు. పెదవులు ఎండిపోయాయి. ఆస్పత్రికెళ్లే బస్సు సాయంత్రం గాని రాదు. తల వాల్చిన ఆ మొక్క కళ్ల ముందు మెదిలింది. గంజి చల్లార్చి, చిటికెడు ఉప్పేసి, చెంచాతో పట్టడం మొదలుపెట్టాను.

"ఒసే, పిల్లకేటైనా అయితే?" అంది అత్త.

"ఆ పాపం నాదే, అత్తా," అని ఇంకో చెంచా పట్టాను.

పొద్దుట్నించీ ఉచ్చ పోయని పిల్ల, బస్సు వేళకు నా చీర తడిపింది. అంత సంబరం నా పెళ్లినాడు కూడా ఎరగను. నీళ్లు మాన్పించి ఉంటే బిడ్డ దక్కేది కాదన్నాడు ఆస్పత్రిలో డాక్టరు. ఇంటికొచ్చాక అత్త నా చేతిలో చెంచా లాక్కుంది. "ఇటియ్యే. నువ్వు కాసేపు నడుం వాల్చు."

ఈ సంగతి పంతులమ్మకు చెప్పలేకపోయాను. అప్పటికే ఆవిడకు ఎక్కడికో బదిలీ అయింది. నేర్చుకున్న లెక్కలు పోయాయి, పద్యాలూ పోయాయి. ఎవరైనా ఏదైనా మానమంటే "ఏటికి?" అని అడగడం మాత్రం పోలేదు. అందుకే వీధిలో చాలామందికి నేనంటే గిట్టదు. గిట్టకపోతే పోనీ. మొన్న పక్కింటి బాలింతకు పథ్యమని చెప్పి మంచినీళ్లివ్వడం లేదని తెలిసి వెళ్లాను. ఆ పిల్ల చెంబు ఖాళీ చేసేదాకా అక్కణ్ణించి లేవలేదు.