అడగకుండా వేసిన పాలిష్

నా గిటారును మా బావగారు పాడు చేశారు. ఈ మాట ఇలా సూటిగా అంటే మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ నచ్చదు. పాడు చేయడమేంది, ప్రేమతో బాగు చేసినాడు కదా అంటుంది మా అత్త. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తిరుపతిలో ఒక స్కూల్లో సంగీతం టీచరును. నా గిటారు దుకాణంలో కొన్నది కాదు. పుదుచ్చేరి అవతల ఒక పల్లెలో ఉండే పెద్దాయన మొదటి నుంచి చివరిదాకా తన చేత్తో చేసిన కచేరీ గిటారు. ఆయన ఏడాదికి చాలా కొద్దిగా చేస్తారు. నా వంతు వచ్చేదాకా ఏళ్ల తరబడి కాచుకుని తెచ్చుకున్నాను.

ఈ రకం గిటారుకు ఇనప తీగలుండవు, నైలాన్ తీగలుంటాయి. కరెంటు అక్కర్లేదు, మైకూ అక్కర్లేదు. వేలితో మీటిన బలం తీగలోంచి పైచెక్కలోకి పోవాలి, ఆ చెక్క ఊగాలి, ఆ ఊపే హాల్లో చివరి వరుసలో కూర్చున్న మనిషిని చేరాలి. అందుకని పైచెక్కను చాలా పలచగా చెక్కుతారు. దాని మీద పూత కూడా అంతే. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డతో రుద్ది రుద్ది, ఉందా లేదా అన్నంత సన్నగా పట్టిస్తారు. దూరం నుంచి చూస్తే మెరుపు లేని పాత వస్తువులాగే కనిపిస్తుంది. అదే నా కొంప ముంచింది.

దాని గొంతు గురించి చెప్పాలి, లేకపోతే ఏం పోయిందో తెలియదు. కింది స్వరాలు మూతి సన్నని ఇత్తడి బిందెలోకి మాట్లాడినట్టు గుండ్రంగా వచ్చేవి. చాలా గిటార్లలో మూడో తీగ బొంగురుగా ఉంటుంది, దీనికి అదే అన్నిటికన్నా తీయని తీగ. నాలుగు స్వరాలు కలిపి మీటితే నాలుగూ ఒకదాన్నొకటి మింగకుండా దేనికది వినబడేది. పై స్వరాన్ని ఒకసారి మీటి వదిలేస్తే అది సన్నబడుతూ, సన్నబడుతూ, ఎక్కడ ఆగిందో చెప్పలేనట్టు పోయేది.

ఒక వానరోజు అలిపిరి రోడ్డులో స్కూటరు జారి నా ఎడమ మణికట్టు విరిగింది. విరిగిన ఎముకలకు నాటు కట్టు కట్టే పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకుని, సెలవులే కదా అని చిత్తూరులో మా అత్తగారింట్లో ఉండిపోయాను. గిటారును కూడా తెప్పించుకున్నాను. వాయించలేకపోయినా కుడిచేత్తో ఉత్త తీగలు మీటుకుంటూ కూర్చునేదాన్ని. స్కూలు తెరిచాక కట్టుతోనే తిరుపతికి వచ్చేశాను. ఆ చేత్తో బస్సులో అంత పెట్టె మోయలేక గిటారును అక్కడే వదిలాను. పెట్టె తెరవొద్దని ఇంట్లో అందరికీ పేరుపేరునా చెప్పే వచ్చాను.

మా ఆయన అన్నకు, అంటే మా బావగారికి, చిత్తూరులో ఫర్నిచర్ దుకాణం ఉంది. తలుపులకూ మంచాలకూ పాలిష్ వేయడంలో ఆయన పనికి మంచి పేరు.

కట్టు విప్పించుకున్నాక ఒక ఆదివారం చిత్తూరు వెళ్లాను. హాల్లో సోఫా మీద దుప్పటి కప్పిన వస్తువేదో ఉంది. చుట్టూ ఇంటిల్లిపాదీ నవ్వుమొహాలతో నిలబడి ఉన్నారు. బావగారు దుప్పటి తీశారు.

"సూడమ్మా, అద్దం మాదిరి ఉండాది. పైన ఆ మబ్బు పూతంతా ఉప్పుకాగితంతో రుద్ది తీసేసి, తలుపులకేసే పాలిషే మూడు సుట్లు ఏసినా. నీ మనవరాళ్ల కాలానికి గూడా పోదు."

నా మొహం దాంట్లో కనబడింది. కూర్చుని ఒళ్లో పెట్టుకుని మూడో తీగ మీటాను. అట్టపెట్టె మీద వేలితో కొట్టినట్టు 'టప్' అని ఆగిపోయింది. ఇంకోసారి మీటాను. అంతే. పైచెక్క మీద అరచెయ్యి పెడితే మునుపు చేతికి తెలిసే వణుకు లేదు.

"ఎవర్ని అడిగి చేసినారు బావా?" అన్నాను.

"అడిగేదేముందమ్మా, మనింటి వస్తువే కదా."

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. "పుత్తూరులో కట్టు కట్టేవాళ్లు గూడా నా చెయ్యి పట్టుకునే ముందు యాడ నొప్పమ్మా అని అడిగినారు. మీరు నా గిటారును ముట్టుకునే ముందు అదీ అడగలేదు" అన్నాను.

కాసేపటికి మా ఆయన నన్ను మిద్దె మెట్ల దగ్గరకు పిలిచి, గొంతు తగ్గించమన్నాడు, అన్న మనసు నొచ్చుకుంటాడన్నాడు. బావగారు ఆ పూట అన్నం తినలేదు. దాంతో మధ్యాహ్నానికల్లా తప్పు నాదైపోయింది. గట్టిగా మీటితే అదే వస్తుందిలే అని తోడికోడలు సలహా ఇచ్చింది. ఇంత మెరుపు తెప్పిస్తే కృతజ్ఞత లేదని అత్త వంటింట్లోంచి వినబడేలా అంది. చెక్కపెట్టె ముఖ్యమా, మనుషులు ముఖ్యమా అని అందరూ నన్నే అడిగారు. రుద్దేటప్పుడు బావగారిని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఆ నెల్లో ఒప్పుకున్న కచేరీ మానుకుని, గిటారు పట్టుకుని పుదుచ్చేరి వెళ్లాను. చేసిన పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని, వేలి కణుపుతో పైచెక్క మీద అక్కడా ఇక్కడా తట్టి చూశారు. ఆయనకు కోపం రాలేదు. తలుపు పూత తీసేయగలను గానీ, ఉప్పుకాగితం తినేసిన చెక్కను మళ్లీ అతికించలేనన్నారు. ఆయన అంత నెమ్మదిగా చెబుతుంటే నాకు ఇంకా మంట పుట్టింది.

ఆయన దగ్గరే వదిలొచ్చిన గిటారు, తలుపు పూత తీసి మళ్లీ లక్క పట్టించాక, వానలు వెనకబట్టాక తిరిగొచ్చింది. కింది స్వరాలు దాదాపు మునుపటిలాగే వచ్చాయి. మూడో తీగ కూడా మాట్లాడింది. మొదటి తీగ మీది పై స్వరాలు మాత్రం నిలవడం లేదు. మీటిన వెంటనే తెగిపోతున్నాయి.

ఆ తర్వాత తిరుపతిలో ఒక చిన్న హాల్లో మైకు లేకుండా వాయించాను. చివరి వరుస వాళ్లకూ వినబడిందన్నారు. చిత్తూరు నుంచి బావగారు కుటుంబంతో సహా వచ్చారు. అయిపోయాక అందరి ముందూ నా దగ్గరకు వచ్చి, "బాగైంది కదమ్మా?" అన్నారు.

అందరూ నా మొహం వైపే చూశారు. అవునంటే అక్కడితో అయిపోయేది.

"బాగు చేయించినాను బావా. మొదట ఉండినట్టు లేదు, ఇంక ఉండదు" అన్నాను.

ఆయన వెళ్లి కారెక్కారు. మీ బావ అంత దూరం వస్తే ఒక్క మాట అవునని అంటే నీ సొమ్మేం పోతుందని అత్త కోప్పడింది. ఆయన వచ్చింది ఆ ఒక్క మాట కోసమేనని నాకూ తెలుసు. నాకు రావాల్సిన ఒక్క మాట మాత్రం ఆయన నోట ఇప్పటిదాకా రాలేదు.

ఇప్పుడు పై స్వరాల మీద ఎక్కువసేపు నిలవాల్సిన రచనలను కచేరీల్లో వాయించడం మానేశాను. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, ఏదో ఒకటి చెప్పి దాటేయను.