ఒకే పేరు గల అయిదుగురు

నా భార్య ఫోను నంబర్ల పుస్తకానికి నేను శుద్ధప్రతి రాసి రెండేళ్లు దాటింది. అంతకుముందు అందులో పేర్లు పరిచయమైన వరుసలో ఉండేవి. ఒక్కో పేరు పక్కన ఊరో, కూరగాయో, బస్సు వేళో రాసుకునేది. ముప్పయ్యేళ్లు కార్యాలయంలో దస్త్రాలు సర్దిన నాకు అది సహించరానిదిగా తోచింది. ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఇంటిపేరు అడిగి, అందరినీ అకారాది క్రమంలో పెట్టాను. ఒకే పేరువారు అయిదుగురు తేలారు; చివర ఒకరికి అమ్మ, ఒకరికి దేవి, ఒకరికి బాయి. ఇంటిపేరును బట్టి వారిని వేరుచేశాను. పక్కన రాసుకున్నవి అనవసరమని వదిలేసి, పాత పుస్తకాన్ని చిత్తుకాగితాల్లో వేశాను.

"ఇందులో నావాళ్లెవరూ కనిపించడం లేదండీ," అంది.

"ఇంటిపేరైనా తెలియని స్నేహమేమిటి?" అన్నాను.

ఒకటి రెండుసార్లు ఒకరనుకుని మరొకరికి ఫోను చేసి, సిగ్గుపడి పెట్టేసింది. ఆపైన ఆ పుస్తకం తెరవలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నా దగ్గరే ఉండేది. శంషాబాదులో మా ఇల్లు అలా నిశ్శబ్దంగా ఉండటం నాకు హాయిగానే ఉండేది.

మొన్న వేసవిలో ఆమెను ఆరాంఘర్ దగ్గరి ఆసుపత్రిలో చేర్చాను. ఇక ఎన్నో రోజులు లేవన్నారు వైద్యులు. ఆమె అడిగింది ఒక్కటే. ఉద్యోగానికి వెళ్లే రోజుల్లో షాద్‌నగర్ బస్సులో పదకొండేళ్లు తనకోసం సీటు ఆపి ఉంచిన కూరగాయలావిడను చూడాలని. పేరు చెప్పింది. ఆ పేరువారే అయిదుగురు.

శనివారం ఉదయం మొదటి నంబరుకు చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఒకటి తేలకుండా రెండవదానికి వెళ్లడం నా పద్ధతి కాదు. రోజంతా దానికే చేస్తూ కూర్చున్నాను. ఆవిడ కాదని సాయంత్రానికి తెలిసింది. ఆదివారం తరువాతి ముగ్గురికి సరిపోయింది. సోమవారం పొద్దున, 'వ' అక్షరం దగ్గర, ఆవిడ దొరికింది.

"అక్కకేమైంది సారూ? ఏ దవాఖాన?" అని మాత్రం అడిగింది.

మధ్యాహ్నానికి వచ్చింది. అప్పటికి రెండు గంటల ముందే నా భార్యకు స్పృహ తప్పింది. ఆవిడ మంచం అంచున కూర్చుని చేయి పట్టుకుంది.

"అక్కా, నేనొచ్చిన. జర కండ్లు తెరువు, మల్ల పండుదువు."

అలా చాలాసేపు పిలిచింది. తరువాత నావైపు తిరిగింది.

"రెండేండ్ల సంది ఒక్క ఫోన్ లేదు. నామీద కోపమొచ్చిందనుకున్న."

"మీరైనా చేయవలసింది," అన్నాను.

"చేసిన సారూ, మూడుసార్లు. మీరే ఎత్తిన్రు. పూర్తి పేరేంది, ఇంటిపేరేంది, ఏం పనుండి చేసినవని అడిగిన్రు, ఠాణాల అడిగినట్టు. పనేముంటది సారూ, ఊకెనే మాట్లాడుదామని చేసిన. ఇగ భయమై పెట్టేసిన."

నిందగా అనలేదు. జరిగింది చెప్పింది, అంతే. ఆ మూడుసార్లూ నా భార్య పక్క గదిలో మేలుకునే ఉండి ఉంటుంది.

సాయంత్రం వరకు ఆవిడ అక్కడే కూర్చుని రెండేళ్ల కబుర్లూ ఆమె చెవిలో చెప్పింది. కోడలి కాన్పు, ఎండిన బోరు, బస్సు టైము మార్చిన సంగతి, మళ్లీ కోడలు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. నా భార్య కళ్లు తెరవలేదు. మంగళవారం పోయింది.