రంపం కంటే పెద్ద గొంతు

మా తాతయ్య ప్రార్థన మొదలుపెడితే పరలోకంలో దేవదూతలు చెవుల్లో దూది పెట్టుకునేవారు. ఆయన ఆమేన్ అన్నాక ఆ దూది తీసి, మర్నాటికి మళ్ళీ పనికొస్తుందని జాగ్రత్తగా దాచుకునేవారు. నేను కళ్ళారా చూడలేదు గానీ, మా వీధిలో ఎవరినడిగినా కాదనరు. భూమ్మీద నుంచి మధ్యలో ఎవరి సాయమూ లేకుండా నేరుగా దేవుడి చెవిదాకా వెళ్ళిన గొంతు అదొక్కటేనని నా గట్టి నమ్మకం.

తాతయ్య కోత మిల్లులో రంపం దగ్గర పనిచేసేవాడు. దుంగను ముందు నుంచి రంపానికి అందించడం ఆయన పని. కోసిన చెక్కలను అవతలి నుంచి లాగేది ఇంకొకాయన. రంపానికి తోకవైపు నిలబడతాడు కాబట్టి మిల్లులో అందరూ ఆయన్ని తోక అనేవారు. నాకు తోక తాత. రంపాన్ని ఆపే స్విచ్చు తోక తాత పక్కనే గోడకి ఉండేది. ప్రమాదం కనపడేది మాత్రం తాతయ్య వైపు. ఎప్పుడో ఎవరో చెట్టుకి కొట్టిన మేకు దుంగ లోపల దాక్కుని ఉంటుంది. పైకి చిన్న నల్లమచ్చ తప్ప ఏమీ తెలియదు. రంపం పళ్ళకి అది తగిలిందా, పళ్ళు విరిగి ఎవరి ఒంట్లోకి ఎగురుతాయో చెప్పలేం. అందుకని మచ్చ కంటపడగానే తాతయ్య "ఆపూ" అని కేక పెట్టేవాడు. కేకతో పాటు కుడిచేయి దానంతటదే పైకి లేచేది.

ఆ చేతికి మిల్లుకీ ఇంటికీ తేడా తెలియదు. ప్రార్థన ఉద్ధృతంగా సాగుతున్నప్పుడు కూడా లేచేది. అది తగిలి మా ముందుగదిలో బల్బు రెండుసార్లు పగిలింది. మూడోసారికి నాన్న బల్బునే పక్కకి జరిపించాడు.

ఆయన అంత గట్టిగా ఎందుకు అరిచేవాడో నాకు చాలా ఏళ్ళు తెలియదు. తాతయ్యకి పని నేర్పిన మేస్త్రిది సన్నని గొంతట. ఒకరోజు ఆయన ఆపమని అరిచాడు, ఎవరికీ వినపడలేదు. మేస్త్రి రెండు వేళ్ళు పోయాయి. అప్పుడు తాతయ్యకి పద్దెనిమిదేళ్ళు, ఆ వేళ్ళను రంపపు పొట్టులో వెతికింది తనే. వినపడని కేక కేకే కాదని ఆ రోజే ఆయన మనసులో పడిపోయింది. తర్వాత విశ్వాసంలోకి వచ్చి ప్రార్థన నేర్చుకున్నప్పుడు ఆ మాటనే దేవుడికీ అంటగట్టాడు.

రోజూ తెల్లవారుజామున ఐదింటికి మొదలయ్యేది. మాకోసం, వీధికోసం, మిల్లు యజమాని మోకాళ్ళ నొప్పులకోసం, ముందు రోజు గొడవపడ్డవాళ్ళ కోసం పేరుపేరునా. దాంతో ఎవరింట్లో గొడవైందో వీధంతటికీ తెలిసిపోయేది. గోడ అవతల టీచరమ్మగారు నెలకోసారి వచ్చి చెప్పేవారు.

"పెద్దాయనా, కాస్త మెల్లగా చేసుకోకూడదూ. దేవుడికి చెవుడు లేదు కదా."

"దేవుడికి లేదమ్మా. కానీ మధ్యలో దూరం ఉంది" అనేవాడు తాతయ్య.

నానమ్మ ప్రార్థన దీనికి పూర్తిగా విరుద్ధం. కూరగాయలు తరుగుతూ, బట్టలు ఉతుకుతూ, పెదాలు కదిలీ కదలకుండా చేసుకునేది. దాన్ని ఆయన ఊరికే వదిలేవాడు కాదు.

"అదేం ప్రార్థనే? పెదాలు చూసి కనిపెట్టాలా ఆయన?"

"మీరు వదిలిపెట్టాక మిగిలిన చెవితో వింటాడు లెండి" అనేది నానమ్మ, కత్తిపీట మీద నుంచి తలెత్తకుండా.

తాతయ్యకి యాభై ఎనిమిదో ఏట గొంతు బొంగురుపోయింది. పొట్టు పడిందనుకున్నాడు. వేడినీళ్ళు పుక్కిలించాడు, ఇంకా గట్టిగా అరిచి సరిచేద్దామని చూశాడు. అది మిల్లు వైద్యం. మూడు నెలలకి ఆ బొంగురు కూడా సగం సగం తెగిపోవడం మొదలెట్టింది. పెద్దాసుపత్రిలో లోపల అద్దం పెట్టి చూసి, స్వరపేటిక మీద కండ పెరిగిందన్నారు. ఆపరేషన్ చేసి తీసేశారు. అది ప్రమాదకరమైంది కాదని తేలేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. తేలాక అందరం ఊపిరి పీల్చుకున్నాం, తాతయ్య తప్ప. ఎందుకంటే డాక్టరుగారు ఇంకో మాట కూడా అన్నారు.

"అరవై రోజులు ఒక్క మాట కూడా వద్దు. గుసగుస కూడా వద్దు. ఆ తర్వాత గొంతు వస్తే వస్తుంది, రాకపోతే రాదు. ఇప్పుడే చెప్పలేను."

నా పాత పలక తాతయ్య చేతికొచ్చింది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నానమ్మకి చదువు రాదు, నాన్న పగలంతా పనిలో ఉండేవాడు. కాబట్టి తాతయ్య రాసింది పైకి చదివే ఉద్యోగం నాకు దక్కింది. నా జీవితంలో నేను మనసుపెట్టి చేసిన చదువు అదొక్కటే. రంపం హోరుకి తాతయ్య చెవులు ఎప్పుడో సగం పోయాయి, నేను మెల్లగా ఏం చదివినా ఆయనకి పట్టదు. ఆయన "పాలు చాలు" అని రాస్తే నేను "పాలు చాలు, పిల్లకి మాత్రం ఇంకో రెండు బిస్కట్లు ఇవ్వు" అని చదివేదాన్ని. పలకలో అక్షరాలు ఇన్నే ఉన్నాయేమిటని నానమ్మ ఒకసారి నావైపు అనుమానంగా చూసింది. దగ్గరగా రాశాడని చెప్పాను.

తెల్లవారుజామున ఐదింటికి తాతయ్య లేచి కూర్చునేవాడు. నోరు తెరిచి మళ్ళీ మూసుకునేవాడు. నాలుగో రోజో ఐదో రోజో టీచరమ్మగారు గోడ మీద నుంచి తొంగిచూశారు.

"ఏమ్మా, పెద్దాయన ఎప్పుడు మొదలెడతారు? రెండు రోజులుగా నేను బడికి ఆలస్యంగా పోతున్నాను."

"గడియారం కొనుక్కోండమ్మా" అంది నానమ్మ.

ఆదివారం మందిరంలో తాతయ్య ప్రార్థన చేసే వరస ఒకటుండేది. పాటల తర్వాత, వాక్యానికి ముందు. అప్పుడు చంటిపిల్లల తల్లులు ముందుజాగ్రత్తగా బయటికి నడిచేవారు. ఆ ఆదివారం ఆ సమయం రాగానే పాస్టరుగారు మంచి మనసుతోనే అన్నారు.

"ఈరోజు మన పెద్దాయన కోసం అందరం మౌనంగా ప్రార్థన చేద్దాం."

అంతా తలలు వంచారు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దంలో తాతయ్య లేచాడు. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి పలక మీద రాసి పెట్టుకుని కూర్చున్నాడు. నా చేతికిచ్చి నానమ్మవైపు చూపించాడు. నేను చదివాను.

"వినపడని కేక కేక కాదు. ఇక నేను ప్రార్థన చేయను. గొంతు తీసుకున్నవాడితో నాకు మాటల్లేవు."

దాంట్లో నేను ఏమీ కలపలేదు. తీసేద్దామని మాత్రం అనిపించింది. కానీ ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

నానమ్మ పలక నా చేతిలోంచి తీసి పక్కన పెట్టింది. తర్వాత కంచాలు పెట్టింది.

"సరే. గొంతొచ్చేదాకా మీ వంతు కూడా నేనే చేస్తా. మీ అంత పొడుగు రాదు, అన్నం చల్లారదు."

ఆ రోజు నుంచి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన నానమ్మది. నాలుగు ముక్కలు. మా ఆయన మీతో అలిగాడు, మీరు మాత్రం అలగొద్దు అనేది చివరి ముక్క. మేం ఆమేన్ అనేవాళ్ళం. తాతయ్య గోడవైపు తిరిగి కూర్చునేవాడు. అయినా లేచి వెళ్ళేవాడు కాదు, అది నేను గమనించాను. వేళ్ళ సందుల్లోంచి చూడటంలో నాకు మంచి అనుభవం.

నలభై రోజులు గడిచాక ఒక పొద్దున తాతయ్య చొక్కా తొడుక్కుని, పలక పట్టుకుని, నన్ను రమ్మని సైగ చేశాడు. మిల్లుకి వెళ్ళాం. గేటు దగ్గర ఆగి పలక మీద రాశాడు. "రంపం దగ్గర నా చోటు ఇంకొకరికి ఇవ్వండి." యజమానికి చదివి వినిపించాలని నాకు అర్థమైంది. అది ముప్ఫై తొమ్మిదేళ్ళ చోటు.

యజమాని ఇంకా రాలేదు. లోపల తోక తాత చెక్కలు పేరుస్తున్నాడు. తాతయ్యని చూసి, తువ్వాలుతో ఒంటి మీది పొట్టు దులుపుకుంటూ వచ్చాడు.

"ఏం అన్నా, నోరు మూయించారటగా. వదిన ఆసుపత్రివాళ్ళకి దణ్ణం పెట్టిందా లేదా?"

తాతయ్య నవ్వలేదు. పలక చూపించాడు. తోక తాతకి చదువు అంతంతమాత్రం. నేను చదివాను.

"ఎందుకట?"

తాతయ్య గొంతు మీద చేయి పెట్టి, రంపాన్ని చూపించి, తల అడ్డంగా ఊపాడు.

"అరవలేకపోతే మేకు కనపడ్డప్పుడు రంపాన్ని ఎలా ఆపిస్తాను అంటున్నాడు" అన్నాను నేను.

తోక తాత కాసేపు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత అక్కడున్న దుంగ మీద కూర్చుని, నవ్వడం మొదలెట్టాడు. నవ్వుకి దగ్గొచ్చింది. దగ్గు ఆగాక తాతయ్య చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"అన్నా, ఇరవై రెండేళ్ళ నుంచి నీ ఎదురుగా నిలబడ్డాను. రంపం తిరుగుతుంటే నీ కేక నాకు ఒక్కరోజూ వినపడలేదు. ఎలా వినపడుతుంది? నా రెండు చెవులూ నీకంటే ముందే పోయాయి."

తాతయ్య పలక మీద గబగబా గీకాడు. "మరి ఎలా ఆపావు?"

"నిన్నే చూస్తుంటా కదా. నీ చేయి లేవగానే ఆపేవాణ్ణి. ఒక్కోసారి చేయి కూడా లేవకముందే, నీ భుజం కదలగానే. నువ్వు అరుస్తున్నట్టు నోరు తెరిచేవాడివి, పళ్ళు కనపడేవి. అలవాటేమో పాపం అనుకునేవాణ్ణి."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?" ఇది తాతయ్య రాయలేదు. నేనే అడిగాను.

"ముచ్చటపడి అరుస్తున్నాడు, మనకెందుకని."

తాతయ్య నమ్మలేదు. తోక తాత లేచి స్విచ్చు వేశాడు. రంపం లేచింది. నాకు పళ్ళు కూడా జివ్వుమన్నాయి. తాతయ్య తన చోటుకి వెళ్ళి నిలబడ్డాడు. బల్ల మీద దుంగ లేదు, ఏమీ లేదు. ఆయన పెదాలు బిగబట్టి, కుడిచేయి పైకెత్తాడు.

రంపం ఆగింది.

మళ్ళీ వేశారు. మళ్ళీ ఎత్తాడు. ఈసారి భుజం దాటిందో లేదో, ఆగింది. మూడోసారి తాతయ్య మోసం చేద్దామని ఎడమచేయి ఎత్తాడు. అదీ ఆగింది. రంపం ఆగిపోయాక కూడా ఆయన చేయి దించలేదు. గాల్లో పొట్టు తేలుతూ ఆయన చేతి మీద, జుట్టు మీద పడుతోంది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. తోక తాత అవతలి నుంచి అరిచాడు.

"దించు అన్నా, చూశాను."

దారిలో తాతయ్య ఒకచోట ఆగి పలక తుడిచి రాశాడు. "ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాడన్నమాట."

"ఎవరు, తోక తాతా?" అన్నాను.

పలక మూలతో నా నెత్తి మీద ఒకటి మెత్తగా వేసి, పైకి చూపించాడు. యజమానికి చదవాల్సిన మాట అప్పటికే చెరిగిపోయింది. మళ్ళీ ఎప్పుడూ రాయలేదు.

ఆ సాయంత్రం నానమ్మ ప్రార్థన మొదలెట్టింది. నేను వేళ్ళ సందులు సర్దుకున్నాను. తాతయ్య ఇటు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ఒక మాటా లేకుండా, కుడిచేయి ఎత్తాడు. నానమ్మ కూడా కళ్ళు తెరిచి చూసిందని నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు అలక ముక్క ఆమె నోటి నుంచి రాలేదు. మధ్యలోనే ఆగి, తండ్రీ చాలు అంది. అప్పటికింకా ఇరవై రోజులున్నాయి. గొంతు వస్తుందో రాదో దేవుడికే తెలుసు. కానీ మా ఇంట్లో ఆ రాత్రి నుంచి అందరికీ హాయిగా నిద్రపట్టింది.

అరవయ్యో రోజు ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరుగారు అద్దం పెట్టి చూసి, తల పంకించారు.

"ఏదీ, మెల్లగా మీ పేరు చెప్పండి."

తాతయ్య నానమ్మవైపు తిరిగాడు. తుప్పు పట్టిన తలుపు తెరుచుకున్నట్టు ఒక చప్పుడు వచ్చింది.

"ఆమేన్."

"అదేం పేరండీ" అన్నారు డాక్టరుగారు.

ఇన్నాళ్ళుగా నానమ్మ ప్రార్థనల చివర ఆయన చెప్పాల్సిన మాట అదని డాక్టరుగారికి ఎవరు వివరిస్తారు? నానమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. తాతయ్య ఇంకోసారి అన్నాడు. రెండోసారి కొంచెం నూనె వేసినట్టు వచ్చింది.

పాత గొంతు మాత్రం తిరిగి రాలేదు. వచ్చిన సగం గొంతుతోనే ఇంకో ఏడేళ్ళు మిల్లులో పనిచేశాడు. రంపం పన్ను ఒక్కటీ ఎవరి ఒంట్లోకీ ఎగరలేదు. తెల్లవారుజామున ఐదింటికి ఇప్పటికీ కూర్చుంటాడు. పక్కగదిలో ఉన్నా నాకు వినపడదు. టీచరమ్మగారు గడియారం కొనుక్కున్నారు. నానమ్మ కూరగాయలు తరుగుతూ ఆయనవైపు చూసి, "పెదాలు చూసి కనిపెట్టాలా ఆయన?" అంటుంది. ఈ మాట కోసం ఆమె ముప్ఫై ఏళ్ళు ఎదురుచూసింది, అంత తేలిగ్గా వదిలిపెట్టదు.

ఇదంతా రాసి, తాతయ్య చెవి దగ్గర కూర్చుని మొదటి నుంచీ చదివి వినిపించాను. మధ్యలో రెండుసార్లు కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఎలా ఉంది తాతయ్యా?" అన్నాను.

"బిస్కట్ల సంగతి నాకప్పుడే తెలుసు. దేవదూతలు, దూది అంతా అబద్ధం, నేనంత అరవలేదు. చేయి చూసి ఆపాడు చూడు, ఆ ముక్క ఒక్కటీ ఉంచి మిగతాదంతా కొట్టెయ్."